‘లా’ ఉంటే ఉపమ, ‘ఏమో’ ఉంటే ఉత్ప్రేక్ష... అంతేనా? | అలంకారాలు, భాషాభాగాలు ఒకే ఎపిసోడ్‌లో

 

ఈ ఎపిసోడ్ చాలామంది అడిగింది. టెట్, డీఎస్సీకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు అడిగారు, టెన్త్ పిల్లలు అడిగారు, ఏ పరీక్షా లేకపోయినా ఊరికే తెలుసుకుందామని కొందరు అడిగారు. ప్రశ్న మాత్రం దాదాపు ఒకటే. “అన్నా, ఉపమాలంకారం డెఫినిషన్ వచ్చు. ఉత్ప్రేక్ష డెఫినిషన్ కూడా వచ్చు. కానీ వాక్యం ఇచ్చి ఇది ఏ అలంకారం అంటే తడబడుతున్నాం.”

టెట్‌లో లాంగ్వేజ్ వన్‌కి 30 మార్కులు. అందులో రెండు మూడు ఇక్కడే పోతుంటే బాధే. కానీ ఇవాళ నేను మార్కుల దగ్గర ఆగను. ఇదే గ్రామర్ మన ఫ్యామిలీ గ్రూప్‌లో రోజూ ఏం చేస్తోందో కూడా చూద్దాం. అది కొంచెం సీరియస్ విషయం.

నేను తెలుగు పండితుణ్ణి కాదు, బీటెక్ చదివి కొన్నేళ్లు కోడ్ రాసినవాణ్ణి. అందుకే నాకు గ్రామర్ కొంచెం కోడ్ లాగే కనిపిస్తుంది. ‘ఈజ్ ఈక్వల్ టు’ ఒక్కటి పెడితే విలువ ఇవ్వడం, రెండు పెడితే పోల్చడం. ఒక్క గీత తేడాతో ప్రోగ్రామ్ మొత్తం మారిపోతుంది. తెలుగు వాక్యం కూడా అంతే. అందరం పెద్ద పెద్ద పదాల వైపు చూస్తాం, అసలు పని చివర్లో ఉండే బుల్లి పదం చేస్తుంది. ఇవాళ మొత్తం మనం దాని వెంటే పడదాం.

ముందు భాషాభాగాలు. ఇంగ్లీష్ పుస్తకాల్లో ఎనిమిది అంటారు. మన స్కూల్ పుస్తకాల్లో ఐదు: నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం. ఈ లెక్క ఎప్పుడూ ఒకేలా లేదు. యాస్కుడు నిరుక్తంలో నాలుగు చెప్పాడు: నామం, ఆఖ్యాతం, ఉపసర్గ, నిపాతం. పాణిని ఇంకా తగ్గించి సుబంతం, తిఙంతం అని రెండే డబ్బాలు పెట్టాడు. కాబట్టి ఐదా ఎనిమిదా అని కొట్టుకోవద్దు. పరీక్షలో ఐదు అని రాసి ముందుకి వెళ్లండి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా పట్టుకోండి. పదాన్ని విడిగా చూసి అది ఏ భాషాభాగమో చెప్పొద్దు. ‘పాడు’ అనే పదం ఉంది. “పాట పాడు” అంటే క్రియ. “పాడు బుద్ధి” అంటే విశేషణం. “కొట్టు తెరిచారా?” అంటే నామవాచకం, “గంట కొట్టు” అంటే క్రియ. అక్షరాలు అవే, చేసే పని వేరు. వాక్యంలో దాని డ్యూటీ ఏంటో చూడాలి. ‘అందం’ నామవాచకం. ‘అందమైన’ అనగానే విశేషణం, పక్కన ఇంకో నామవాచకం కావాలి. ‘అందంగా’ అంటే క్రియా విశేషణం, అది క్రియకి అతుక్కుంటుంది. చివర ‘ఐన’, ‘గా’ వచ్చి డ్యూటీ మార్చేశాయి. చూశారా, బుల్లి పదాలు అప్పుడే మొదలెట్టాయి.

నామవాచకం గురించి ఎక్కువ చెప్పను, అందరికీ వచ్చు. సర్వనామం దగ్గర మాత్రం కాస్త ఆగుదాం. ఇది నామవాచకానికి బదులు వచ్చేది అని రాసి వదిలేస్తారు. తెలుగులో సర్వనామం అంతకంటే చాలా ఎక్కువ చెప్తుంది. ఇంగ్లీష్‌లో మగవాళ్లకి ‘హీ’ ఒక్కటే. మనకి వాడు, అతను, ఆయన, వారు. ఇందులో ఒకటి ఎంచుకోగానే మీ వయసు, అవతలి మనిషి వయసు, మీ ఇద్దరి మధ్య దూరం, మీకు ఆయన మీద ఉన్న కోపం కూడా బయటపడిపోతాయి. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ బటన్ నొక్కితే తాతగారు కాస్తా ‘అతను’ అయిపోవడానికి కారణం ఇదే. ఇంగ్లీష్ వాక్యంలో ఆ సమాచారమే లేదు, మెషీన్ ఎక్కణ్ణించి తెస్తుంది?

ఇంకోటి, మనం, మేము. ఇంగ్లీష్‌లో రెండింటికీ ‘వీ’ ఒక్కటే. “మేము సినిమాకి వెళ్తున్నాం” అంటే నువ్వు ఇంట్లో ఉండు. “మనం సినిమాకి వెళ్తున్నాం” అంటే నువ్వూ చెప్పులేసుకో. కొన్ని యాప్‌లలో “మేము కలిసి ఎదుగుదాం” అని కనిపిస్తుంటుంది. ఎవరితో కలిసి అండీ, మీలో మీరేనా? ఆఫీసుల్లో కూడా గమనించండి. రిలీజ్ బాగా వెళ్తే “మనం సాధించాం”, బగ్ వస్తే “మీరు చూసుకోలేదా?” సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు ఇప్పుడు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు.

సరే, క్రియ. తెలుగు క్రియ ఎంత బలమైనదంటే కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుంది. “వచ్చాను” అంటే చాలు, నేను అని వేరే చెప్పక్కర్లేదు. అయితే ఇదే క్రియతో కర్తని దాచేయొచ్చు కూడా. ఇంట్లో పిల్లాడు గ్లాసు కింద పడేస్తాడు. ఏం చెప్తాడు? “గ్లాసు పగిలింది.” పగలగొట్టాను అనడు. ‘పగులు’ అకర్మక క్రియ, ‘పగలగొట్టు’ సకర్మక క్రియ. ఆ తేడా ఏ టీచరూ చెప్పకుండానే నాలుగేళ్ల పిల్లాడికి తెలుసు.

పెద్దయ్యాక అదే పని ‘బడు’ చేస్తుంది. “మీ ఖాతా తాత్కాలికంగా నిలిపివేయబడింది.” ఎవరు నిలిపారు? ఎందుకు? వాక్యంలో మనిషి ఉండడు. “దరఖాస్తు తిరస్కరించబడింది” అన్నా అంతే. మాట్లాడే తెలుగులో మనం ఈ ‘బడు’ దాదాపు వాడం. “నాచేత అన్నం తినబడింది” అని ఎవరైనా అంటారా? నోటీసుల్లో, ఎస్సెమ్మెస్‌లలో మాత్రం విపరీతంగా కనిపిస్తుంది. కాబట్టి ఏదైనా నోటీసులో ‘బడింది’ కనిపిస్తే, ఆ వాక్యానికి కర్త ఎవరు అని ఒక్కసారి అడగండి. కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు మీ మొదటి ప్రశ్న కూడా అదే అవుతుంది.

ఇక అవ్యయం. లింగం, వచనం, విభక్తి వల్ల మారని పదం. అక్కడ, ఇప్పుడు, ఆహా, కానీ, వరకు, లాగా. పరీక్షలో దీన్ని చివర్లో చెప్తారు, పిల్లలు కూడా చివర్లోనే చదివి వదిలేస్తారు. నన్నడిగితే ఐదింటిలో ముందు చదవాల్సింది ఇదే. వాక్యం చివర అతుక్కునే ‘ఏమో’, ‘అట’, ప్రశ్న వేసే ‘ఆ’, ఇలాంటి బుల్లి ముక్కల్ని కూడా ఇవాళ్టికి దీని పక్కనే కూర్చోబెడుతున్నా. అలంకారాలకి తాళంచెవులు వీళ్ల దగ్గరే ఉన్నాయి.

ఓకే, అలంకారాల్లోకి వెళ్దాం. భరతుడి నాట్యశాస్త్రంలో ఉన్నవి నాలుగే: ఉపమ, రూపకం, దీపకం, యమకం. తర్వాత వందల ఏళ్లలో అవి పెరుగుతూ పోయి, అప్పయ్య దీక్షితులు 16వ శతాబ్దంలో రాసిన కువలయానందానికి వచ్చేసరికి వంద దాటిపోయాయి. మనకి అన్నీ అక్కర్లేదు. ఒక్క వస్తువు తీసుకుని దాన్నే తిప్పి తిప్పి చూద్దాం.

మే నెల. మధ్యాహ్నం రెండు గంటలు. రామగుండం బస్టాండ్. చేతిలో ఫోన్. మ్యాప్ ఆన్‌లో ఉంది, హాట్‌స్పాట్ ఆన్‌లో ఉంది. ఫోన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు.

“ఈ ఫోన్ పెనంలా కాలుతోంది.” ఇది ఉపమ. ఇందులో నాలుగు ముక్కలున్నాయి. ఫోన్, అంటే మనం దేని గురించి చెప్తున్నామో అది ఉపమేయం. పెనం, అంటే దేనితో పోల్చామో అది ఉపమానం. కాలడం రెండింటికీ ఉన్న సమానధర్మం. ‘లా’ ఉపమావాచకం. నాలుగూ ఉంటే పూర్ణోపమ. “ఈ ఫోన్ పెనంలా ఉంది” అంటే ఏ విషయంలో అన్నది చెప్పలేదు, సమానధర్మం జారిపోయింది, అది లుప్తోపమ.

ఈ ‘లా’ అనేది మన ప్రాంతాన్ని బట్టి వేషం మారుస్తుంది. పుస్తకంలో ‘వలె’, ‘పోలె’ అని ఉంటుంది. తెలంగాణలో “పెనం లెక్క కాలుతుంది” అంటారు. రాయలసీమలో “పెనం మాదిరి” అంటారు. ఇవన్నీ ఉపమావాచకాలే. మీ నాయనమ్మ రోజుకి పది ఉపమాలంకారాలు వాడుతుంది, ఆమెకి ఆ పేరు తెలియదు అంతే.

కానీ జాగ్రత్త. “నా ఫోన్ మీ ఫోన్‌లానే ఉంది” అంటే? ‘లా’ ఉంది కదా అని ఉపమ అని టిక్ పెట్టకండి. ఒకే జాతి వస్తువుల్ని మామూలుగా పోల్చడం అది. అడవిలో ఉండే గవయం అనే జంతువు ఆవులా ఉంటుంది అనడం అలంకారం కాదని సంస్కృత అలంకారికులు ఎప్పుడో తేల్చేశారు. పోలికలో ఒక చమత్కారం ఉండాలి. వినగానే ‘అబ్బ’ అనిపించాలి.

ఇప్పుడు ఉత్ప్రేక్ష. “ఇంతలా కాలుతోందంటే ఇది పెనమేమో!” మారింది ఏంటి? ‘లా’ పోయింది, ‘ఏమో’ వచ్చింది. ఉపమలో ఫోన్ ఫోనే, పెనం పెనమే, రెండూ పక్కపక్కన నిలబడ్డాయి. ఇక్కడ ఫోన్‌ని పెనంగా ఊహించడం మొదలైంది. ఏమో, అనిపిస్తోంది, అన్నట్టుంది, కాబోలు... ఇవి దాని గుర్తులు. ఇక్కడ కూడా ట్రాప్ ఉంది. “ఛార్జర్ ఇంట్లోనే మర్చిపోయానేమో” అంటే ఉత్ప్రేక్ష కాదు, అది నిజమైన అనుమానం. ఉత్ప్రేక్షలో చెప్పేవాడికి అది పెనం కాదని పూర్తిగా తెలుసు, తెలిసే ఊహిస్తున్నాడు. మన ప్రశ్నకి సమాధానం ఇదే. ‘లా’, ‘ఏమో’ మీకు ఇల్లు చూపిస్తాయి. లోపలికెళ్లి చెప్పేవాడు పోలుస్తున్నాడా, తెలిసే ఊహిస్తున్నాడా అని మీరే చూడాలి.

“ఈ ఫోన్ పెనం మీద నా వేళ్లు వేగిపోతున్నాయి.” ఇప్పుడు ‘లా’ లేదు, ‘ఏమో’ లేదు. రెండు నామవాచకాలు కలిసిపోయాయి. ఫోన్ అనే పెనం. ఇది రూపకం. విద్యాధనం అంటే విద్య అనే ధనం అని చదువుకున్నాం కదా, అదే. టెస్ట్ చాలా సింపుల్, మధ్యలో ‘అనే’ పెట్టి చూడండి. ‘ఫోన్ అనే పెనం’ అతుకుతుంది. ‘దోసె పెనం’ తీసుకోండి. దోసె అనే పెనమా? అతకదు. దోసెలు పోసే పెనం అది, రూపకం కాదు.

“ఇది ఫోన్ కాదు, పెనం.” ఉన్నదాన్ని కాదని ఇంకోటి అన్నాం, అపహ్నవం. ఇక్కడ తాళంచెవి ‘కాదు’. “ఇది ఫోనా, పెనమా?” అంటే సందేహం, రెండు ‘ఆ’లు. “అమ్మ దీన్ని పెనం అనుకుని నూనె రాసింది” అంటే భ్రాంతిమంతం, తాళంచెవి ‘అనుకుని’. “దీని మీద పిండి పోస్తే అర నిమిషంలో దోసె వస్తుంది” అంటే అతిశయోక్తి.

ఇంకోటి మిగిలింది. “వెనక కవర్ మెత్తబడింది. బ్యాటరీ ఉన్నచోట వేలు ఆనడం లేదు. స్క్రీన్ వెలుగు దానంతటదే తగ్గిపోయింది. పట్టుకున్నవాడు దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటున్నాడు.” ఇది స్వభావోక్తి. పోలిక లేదు, ఊహ లేదు, ఉన్నది ఉన్నట్టు. కళ్లముందు కనపడాలి, అంతే. దీనికి తాళంచెవి పదం ఉండదు, అందుకే పరీక్షలో చాలామంది దీన్నే వదిలేస్తారు. నాకైతే అన్నిటికంటే కష్టమైన అలంకారం ఇదే. ‘పెనంలా’ అని ఎవరైనా అనగలరు. చేతులు మార్చుకోవడం రాయాలంటే ఆ మనిషిని నిజంగా చూసి ఉండాలి.

సో, ఒక ఫోన్, ఒక పెనం, ఎనిమిది అలంకారాలు. మధ్యలో మారినవి చాలావరకు లా, ఏమో, అనే, కాదు, ఆ, అనుకుని. ఇప్పుడు వీళ్ల చుట్టాల దగ్గరికి వెళ్దాం. మొదట్లో ఫ్యామిలీ గ్రూప్ అన్నాను కదా, ఇక్కడే.

‘అట’. తెలుగులో నాకు అత్యంత ఇష్టమైన పదం. “రేపట్నుంచి రెండు రోజులు పెట్రోల్ బంకులు బంద్ అట.” చివర ‘అట’ ఏం చెప్తోంది? ‘ఇది నేను చూడలేదు, ఎవరో అంటే విన్నాను’ అని చెప్తోంది. ఇంగ్లీష్‌లో దీనికి వేరే వాక్యమే కావాలి. మనకి రెండక్షరాలు చాలు. ఇది చాలా నిజాయితీ గల పదం.

ఇప్పుడు ఈ మెసేజ్ ప్రయాణం చూడండి. బాబాయ్ గ్రూప్‌లో పెట్టాడు: “బంకులు బంద్ అట.” పిన్ని ఇంకో గ్రూప్‌లో టైప్ చేసింది: “రేపట్నుంచి బంకులు బంద్.” మూడో గ్రూప్‌లో అది “రేపట్నుంచి బంకులు బంద్!! అందరికీ షేర్ చెయ్యండి” అయింది. సాయంత్రానికి బంకు దగ్గర కిలోమీటర్ క్యూ. ఇందులో అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు. రెండక్షరాలు రాలిపోయాయి. పుకారు వార్త అయిపోయింది. పెట్రోల్ అయితే క్యూతో పోతుంది. అదే ఒక మనిషి మీద, ఒక అమ్మాయి మీద, ఒక వీధి మీద వచ్చిన ‘అట’ రాలిపోతే క్యూతో పోదు.

కాబట్టి ఫార్వర్డ్ కొట్టేముందు ఒక్క పని చెయ్యండి. ఆ వాక్యం చివర మీరే ‘అట’ పెట్టి చదవండి. మీకు తెలిసిన నిజానికి ‘అట’ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది. “నేను నిన్న హైదరాబాద్‌లో ఉన్నానట”, నవ్వొస్తుంది. మెసేజ్‌కి ‘అట’ హాయిగా అతికిందా? అయితే అది మీకు తెలిసింది కాదు, విన్నది. పంపాలనుకుంటే ‘అట’తోనే పంపండి.

రెండో చుట్టం, ‘గా’. “డాక్టర్‌గా చెప్తున్నాను” అంటే అతను డాక్టరు. “డాక్టర్‌లా చెప్తున్నాడు” అంటే కాదు, పోలిక. తెల్లకోటు వేసుకుని మెడలో స్టెతస్కోప్ పెట్టుకుని షుగర్‌కి మందులు మానెయ్యమని చెప్పే వీడియో వస్తే, అది ‘గా’నా ‘లా’నా అని చూడండి. ఇక్కడ మార్కు పోదు, కిడ్నీ పోతుంది.

మూడోది, ‘వరకు’, ‘నుంచి’. “50 శాతం వరకు తగ్గింపు.” పెద్దక్షరాల్లో 50, చీమంత అక్షరాల్లో ‘వరకు’. 2 శాతం తగ్గించినా ఆ వాక్యం అబద్ధం కాదు. “వడ్డీ 12 శాతం నుంచి” అన్నా అంతే. 12 మొదలు, చివర ఎక్కడో చెప్పలేదు. లోన్ తీసుకునే ఫ్రెండ్స్, అంకె పక్కనున్న అవ్యయం చదవకుండా ఓటీపీ చెప్పకండి.

సరే, శబ్దాలంకారాలు స్పీడ్‌గా చూసేద్దాం. ఇక్కడ అర్థంతో కంటే ధ్వనితో పని. “కాకినాడ కాజా కొరికితే కమ్మగా కరిగింది”, క క క, ఒకే హల్లు మళ్లీ మళ్లీ వచ్చింది, వృత్త్యనుప్రాస. “ఆ పది పదిలంగా దాచుకో”, హల్లుల జంట అర్థం మార్చుకుని వెంటనే వచ్చింది, ఛేకానుప్రాస. పాటల్లో, ర్యాప్‌లో లైన్ల చివర ఒకేలా ముగిస్తే అంత్యానుప్రాస. “ఇంటి ముందు గేటు, గేటు పక్కన చెట్టు, చెట్టు కింద బైకు”, వదిలిన పదాన్నే పట్టుకుని ముందుకెళ్లాం, ముక్తపదగ్రస్తం. కోడ్ రాసేవాళ్లకి ఇది లింక్డ్ లిస్ట్.

ఎక్కువమంది తికమకపడేది యమకం, లాటానుప్రాస దగ్గర. “మీగడ కోసం మీ గడప తొక్కాను.” మీగడ అనే అక్షరాలే మళ్లీ వచ్చాయి, అర్థం వేరు, యమకం. “అమ్మ చేతి వంట వంట.” రెండుసార్లూ వంటే, అర్థం అదే, కానీ రెండో వంటలో ‘అసలైన వంట’ అనే తాత్పర్యం ఉంది, లాటానుప్రాస. అర్థం మారిందా, తాత్పర్యం మారిందా, అదొక్కటి చూడండి.

శ్లేష మాత్రం స్కూల్ పుస్తకంలో అర్థాలంకారాల్లో ఉంటుంది. “అన్నదమ్ములు పాలు పంచుకున్నారు.” గ్లాసులో పాలా, ఆస్తిలో పాలా? రెండూ కుదురుతాయి. దీన్ని ఎంత దూరం లాగొచ్చో చూడాలంటే పింగళి సూరన రాఘవపాండవీయం ఉంది. 16వ శతాబ్దపు కావ్యం. అవే పద్యాలు ఒకలా చదివితే రామాయణం, ఇంకోలా చదివితే భారతం. కావ్యం మొత్తం అలాగే. ఒకే సోర్స్ కోడ్, రెండు అవుట్‌పుట్‌లు. నాకు తలచుకుంటేనే చెమటలు పడతాయి.

ఈ వారం మీకు పని. ఆటోల వెనక, లారీల వెనక రాసినవి చూడండి. ఒకటి పట్టుకుని అది ఏ అలంకారమో, ఏ బుల్లి పదం వల్ల అని తెలిసిందో కామెంట్‌లో రాయండి. డెఫినిషన్ వద్దు, ఆ పదం చాలు. స్వభావోక్తి ఎవరికైనా దొరికితే మాత్రం దాన్ని నెక్స్ట్ ఎపిసోడ్‌లో చదువుతా. నెక్స్ట్ ఎపిసోడ్ ఛందస్సు. భయపడకండి, గురువు, లఘువు అంటే ఒకటీ సున్నా లాంటివే. ఉంటా మరి, బై.